తమ్ముడు పోయి 60 రోజులు. యూనివర్సిటీ సార్లు, ఆఫీసువాళ్లు ఒక్కరూ మా గడప తొక్కలేదు

పరకాల పిల్ల

అందరికీ నమస్కారం. ఈ వేదికలో ఇన్నాళ్లూ చదవడమే గానీ ఎప్పుడూ రాయలేదు. మాది పరకాల దగ్గర పల్లె. మా తమ్ముడు ఎమ్మెస్సీ రెండో సంవత్సరం, హాస్టల్‌లో ఉండి చదువుకునేవాడు. అక్టోబర్ చివర్లో నాలుగు రోజుల జ్వరంతో పోయాడు. 22 ఏళ్లు. యూనివర్సిటీ పేరు రాయను. దయచేసి ఎవరూ ఊహించి కూడా రాయొద్దు. వాళ్లే చంపారని చెప్పడానికి నేను రాలేదు. జ్వరం ఎవరికైనా వస్తుంది. ఆ తర్వాత మాతో ఎట్లా నడుచుకున్నారన్నదే నా బాధ.

ఆ రాత్రి 11 గంటలకు రూమ్మేట్ ఫోన్ చేసి, "అక్కా, చాలా సీరియస్‌గా ఉంది, అంబులెన్స్‌లో తీసుకుపోతున్నాం" అన్నాడు. అరగంట తర్వాత మళ్లీ చేశాడు గానీ ఏడుపు తప్ప మాట రాలేదు. యూనివర్సిటీ నుంచి ఫోన్ వచ్చింది మర్నాడు పొద్దున 9 దాటాక. అప్పటికి మేము మార్చురీ ముందు చెట్టు కింద కూర్చుని ఉన్నాం. "మీ అబ్బాయికి ఒంట్లో బాగాలేదు, వచ్చి తీసుకెళ్లండి" అన్నారు. బాపు ఏం మాట్లాడాలో తెలియక ఫోన్ నా చేతికిచ్చాడు.

ఆ రోజు అక్కడికి వచ్చిన ఒకే ఒక్క ఉద్యోగి ఒక కాగితం తెచ్చాడు. మాకు ఎవరి మీదా అనుమానం లేదని అందులో రాసి ఉంది. సంతకం పెడితే పని తొందరగా అవుతుందన్నాడు. బాపు పెట్టాడు. ఆ తర్వాత ఆయన కనపడలేదు. బండి మా చిన్నాయనే మాట్లాడాడు.

మూడో రోజు మేము పిట్టకు పెట్టి వచ్చేసరికి నా ఫోన్‌కు ఒక ఫొటో వచ్చింది. డిపార్ట్‌మెంట్ ముందు తమ్ముడి ఫొటోకు దండ వేసి, సార్లందరూ లేచి నిలబడి మౌనం పాటిస్తున్నారు. మా ఇంట్లో ఎవరికీ ఒక మాట చెప్పలేదు. చెప్తే మా అమ్మ, మేము అవ్వ అంటాం, వెళ్లగలిగేది కాదు. కానీ చెప్పాల్సింది.

ఐదు వారాల తర్వాత బాపు ఫోన్‌కు ఇంగ్లీషులో ఒక మెసేజ్ వచ్చింది. తనకు చదవరాదు, "తమ్ముని కాలేజీ నుంచి వచ్చినట్టుంది, ఏం రాసిండ్రు చూడు బిడ్డా" అని తెచ్చి ఇచ్చాడు. మీ అబ్బాయికి హాజరు 75 శాతం కంటే తక్కువ ఉంది, పరీక్షకు అనుమతించము అని ఉంది. "పరామర్శ పంపిండ్రు బాపూ" అని అబద్ధం చెప్పాను. ఇప్పటికీ నిజం చెప్పలేదు.

మొన్న మార్కుల మెమోలు, సర్టిఫికెట్లు తెచ్చుకుందామని పోతే, ఎక్కడా బాకీ లేదని రాయించుకు రమ్మని నో డ్యూస్ ఫారం ఇచ్చారు. లైబ్రరీ, ల్యాబ్, హాస్టల్, మెస్, స్పోర్ట్స్, ఐదు సంతకాలు కావాలట. మెస్‌లో నెలాఖరు వరకు లెక్కగట్టి 2,340 రూపాయలు బాకీ ఉందన్నారు. చనిపోయిన తేదీ తర్వాతి రోజులకు కూడా. బాపు జేబులో నుంచి తీసి కట్టాడు.

డబ్బు అడగడానికి రాయడం లేదు. ఆ నాలుగు రోజులు వాడు ఎట్లా ఉన్నాడు, ఎవరికి చెప్పుకున్నాడు, ఏం తిన్నాడు, ఎవరు చూశారు, ఇవి మా అవ్వకు కావాలి. ఎవరిని అడగాలి?

నల్లబంగారం, భూపాలపల్లి

బిడ్డా, నేను సింగరేణిలో 31 ఏళ్లు చేసి రిటైరైన మనిషిని. మా గనుల్లో మనిషి పోవడం కొత్త కాదు. నాతో పాటు షిఫ్టు దిగిన వాళ్లను నేనే మోశాను. అయినా ఒకటి చెప్తాను. మనిషి పోయిన నాడే ఆఫీసు నుంచి సంక్షేమం చూసే ఆయన ఇంటికి వచ్చేవాడు. మట్టి ఖర్చులు చేతిలో పెట్టి, ఎక్కడ ఏ కాగితం కావాలో చెప్పి పోయేవాడు. యూనియన్ వాళ్లు వెంట ఉండేవాళ్లు. ఎక్కడ జరిగింది, ఎట్లా జరిగింది, పక్కన ఎవరున్నారు, ఇవన్నీ ఆ పక్కన ఉన్న మనిషే వచ్చి ఇంటి ఆడవాళ్లకు చెప్పేవాడు. నేను రెండుసార్లు అట్లా పోయి చెప్పాను. చాలా కష్టం. కానీ ఆ పని ఇంకొకరికి వదిలేస్తే అది జరగదు.

బొగ్గు తవ్వే చోట ఈ పద్ధతి ఉంటే, చదువు చెప్పే చోట ఎందుకు ఉండదు?

నర్సంపేట యువత

అక్కా, మీరు ఆ రోజే గేటు ముందు కూర్చోవాల్సింది. శవాన్ని గేటు ముందు పెడితే రిజిస్ట్రార్ కాదు, వైస్ ఛాన్సలర్ (వీసీ) దిగి వస్తాడు. ఊరికి తీసుకొచ్చిన తర్వాత ఎవరు పట్టించుకుంటారు? కోపంతో రాస్తున్నాను, తప్పుగా అనుకోకండి. మెత్తగా ఉంటే మన తెలంగాణ పల్లె మనుషులకు ఎవరూ జవాబు చెప్పరు.

హన్మకొండ అమ్మ

నర్సంపేట తమ్మీ, నేను ఆ పని చేసినదాన్ని. నాలుగేళ్ల కింద మా బిడ్డ ఒక కాలేజీ హాస్టల్‌లో పోయింది. ఎట్లా పోయిందో ఇక్కడ రాయలేను. మే నెల ఎండలో నాలుగు గంటలు రోడ్డు మీద కూర్చున్నాం. నా బిడ్డ పక్కనే ఉంది. ఐస్ కరిగి నీళ్లు కారుతుంటే మా అక్క కొంగుతో తుడిచింది. టీవీల వాళ్లు వచ్చారు, నాయకులు వచ్చారు, ఐదు లక్షలు ఇస్తామని కాగితం రాసిచ్చారు. చివరికి రెండు వచ్చాయి.

ఆ నాలుగు గంటలు నేను నా బిడ్డ ముఖం సరిగా చూసుకోలేదు. అటు మైకులు, ఇటు పోలీసులు. చివరిసారి బిడ్డతో మాట్లాడింది ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. డబ్బు మాట వచ్చిందంటే మిగతా మాటలన్నీ ఆగిపోతాయి. వాళ్ల దృష్టిలో లెక్క తేలిపోయింది.

పరకాల బిడ్డా, నువ్వు అడిగేదే సరైన సంగతి. నేను అప్పుడు అడగలేకపోయాను.

నర్సంపేట యువత

అమ్మా, క్షమించండి. నేను అట్లా ఆలోచించలేదు.

జమ్మికుంట వకీలు

పరకాల పిల్ల గారికి, నేను 18 ఏళ్లుగా క్రిమినల్ ప్రాక్టీసులో ఉన్నాను. మీ కేసు వివరాలు తెలియవు కాబట్టి సాధారణంగా చెప్తాను.

ముందు ఆ సంతకం గురించి. "అనుమానం లేదు" అని రాసిచ్చినంత మాత్రాన మీరు ఏ హక్కూ వదులుకోలేదు. అది ఆ రోజు మీ నాన్నగారు చెప్పిన మాట, అంతే. ఆ టెన్షన్ మనసులో పెట్టుకోకండి, ముఖ్యంగా ఆయన తనను తాను తిట్టుకోకుండా చూడండి. ఇట్లాంటి కేసుల్లో తండ్రులు ఆ సంతకాన్ని తలుచుకుని కుమిలిపోవడం నేను చాలా చూశాను.

ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోతే డాక్టర్లు పోలీసులకు సమాచారం పంపుతారు. పోలీసులు పంచనామా చేస్తారు. 2024 జులై 1 నుంచి ఇది కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 194 కింద జరుగుతోంది, పాత సీఆర్పీసీలో 174. ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మంది స్థానికుల ఎదుట శవాన్ని చూసి రాయాలి, ఆ రిపోర్టు 24 గంటల్లో జిల్లా లేదా సబ్ డివిజనల్ మెజిస్ట్రేట్‌కు పంపాలి. ఫిర్యాదు మీ వాళ్లే ఇచ్చి ఉంటే ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. ఠాణాకు వెళ్లి పంచనామా కాపీ, పోస్టుమార్టం రిపోర్టు కావాలని రాసివ్వండి. అవయవాల నమూనాలు ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపి ఉంటే ఆ రిపోర్టు వచ్చేదాకా డాక్టరు తుది అభిప్రాయం రాయరు. దానికి నెలలు పట్టవచ్చు. ఆలస్యాన్ని చూసి ఏదో దాస్తున్నారని వెంటనే అనుకోకండి.

ఇక యూనివర్సిటీ. అది ప్రభుత్వ యూనివర్సిటీ అయితే సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఇంకో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు. ఒక జాగ్రత్త చెప్తాను, ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. "ఎందుకు పట్టించుకోలేదు" అని అడగకండి. ఆ చట్టం కింద కారణాలు చెప్పించలేం, ఉన్న రికార్డు ఇప్పించగలం. కాబట్టి ఆ నాలుగు తేదీల హెల్త్ సెంటర్ ఓపీ రిజిస్టర్‌లో మీ తమ్ముడి పేరున్న పేజీ, అంబులెన్స్ లాగ్‌బుక్‌లో ఆ రాత్రి పేజీ, హాస్టల్ రిజిస్టర్, విచారణ కమిటీ వేసి ఉంటే దాని ఉత్తర్వు, రిపోర్టు, వీటి నకళ్లు అడగండి. వ్యక్తిగత సమాచారమని తిప్పి పంపకుండా మీసేవ నుంచి కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ తీసుకుని జత చేయండి.

హన్మకొండ అమ్మ గారికి ఒక మాట. క్యాంపస్‌లో ఆత్మహత్య జరిగితే వెంటనే ఎఫ్ఐఆర్ పెట్టించడం యాజమాన్యం బాధ్యత అని 2025 మార్చి 24న సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. అదే తీర్పులో విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై మాజీ న్యాయమూర్తి ఎస్. రవీంద్ర భట్ నేతృత్వంలో జాతీయ టాస్క్‌ఫోర్స్ వేసింది. మీ కేసు కాగితాలు మీ దగ్గర ఉంటే నాకు వేదికలో విడిగా సందేశం పెట్టండి. ఫీజు అక్కర్లేదు.

పాత సెక్షన్ ఆఫీసర్

నేను ఒక యూనివర్సిటీ పరిపాలన విభాగంలో పని చేసి రిటైరయ్యాను. ఆ మెసేజ్ సంగతి చదివాక నిద్ర పట్టలేదు, ఎందుకంటే అది ఎట్లా వచ్చిందో నాకు తెలుసు.

ఒక విద్యార్థి పోతే ఆ మాట క్యాంపస్ అంతా గంటలో తెలుస్తుంది. కాగితాలకు మాత్రం తెలియదు. అకడమిక్ సెక్షన్ వేరు, ఎగ్జామినేషన్ బ్రాంచి వేరు, హాస్టల్ ఆఫీసు వేరు, స్కాలర్‌షిప్ సెక్షన్ వేరు, లైబ్రరీ వేరు. ఎవరి రిజిస్టర్ వారిది, ఎవరి కంప్యూటర్ వారిది. డిపార్ట్‌మెంట్ నుంచి డెత్ సర్టిఫికెట్ జత చేసిన లెటర్ వస్తేనే పేరు తీస్తారు. ఆ లెటర్ రాయమని ఎవరికీ చెప్పి ఉండదు. డిపార్ట్‌మెంట్ హెడ్ (హెచ్ఓడీ) తల్లిదండ్రులు తెస్తారనుకుంటాడు. తల్లిదండ్రులకు తేవాలని తెలియదు. ఈలోగా హాజరు లెక్కలు వేసే సాఫ్ట్‌వేర్ దాని పని అది చేసుకుపోతుంది.

ఇంటికి ఎందుకు రారన్నదానికి కూడా చెప్తాను. ఇది మా తప్పు, సమర్థించడం లేదు. ఎవరైనా చనిపోయిన రోజు వీసీ ఛాంబర్‌లో మీటింగ్ పెడతారు. అందులో మొదటి గంట ధర్నా ఎక్కడ జరుగుతుంది, గేటు దగ్గర ఎంతమంది పోలీసులు, పత్రికలకు ఏం చెప్పాలి, ఎక్స్‌గ్రేషియా అడిగితే ఏమనాలి. ఎవరో ఒకరు "ఇంటికి పోతే తప్పు ఒప్పుకున్నట్టు అవుతుంది సార్" అంటారు. అందరూ అవునంటారు. నేను ఆ గదిలో మినిట్స్, అంటే మీటింగ్‌లో అన్న మాటలు, రాసే మనిషిని. నా సర్వీసులో ముగ్గురు పిల్లల విషయంలో అట్లా కూర్చున్నాను. తల్లిదండ్రులతో ఎవరు మాట్లాడాలన్న మాట ఒక్కసారి కూడా మినిట్స్‌లో రాయలేదు, ఎందుకంటే ఆ మాట రాలేదు. నేనైనా అనాల్సింది. అనలేదు.

బిడ్డా, ఇప్పుడు నువ్వు చేయాల్సింది, ఆ లెటర్ కోసం ఎదురుచూడకుండా నువ్వే డెత్ సర్టిఫికెట్ కాపీతో రిజిస్ట్రార్‌కు ఒకే దరఖాస్తు పెట్టి, కింద "నకలు" అని అన్ని సెక్షన్ల పేర్లు రాసి, కాగితాలు తీసుకునే ఇన్‌వార్డు సెక్షన్‌లో నంబర్ వేయించుకోవడం. ఆ నంబర్ లేకపోతే నీ కాగితం అక్కడ లేనట్టే. సర్టిఫికెట్లు ఆపడానికి వీల్లేదు. ఒరిజినల్స్ పట్టుకుని కూర్చోవద్దని, ఫీజు వాపసు ఎట్లా ఇవ్వాలో యూనివర్సిటీలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2018 అక్టోబర్‌లోనే చెప్పింది. హాస్టల్ కాషన్ డిపాజిట్ కూడా మీకు రావాలి. అడిగితేనే ఇస్తారు.

పరకాల పిల్ల

డెత్ సర్టిఫికెట్ దగ్గరే మేము నెల పోగొట్టుకున్నాం అంకుల్. మా పంచాయతీ కార్యదర్శి దగ్గరికి పోతే, మనిషి పోయిన చోటే నమోదవ్వాలి, ఇక్కడ కాదన్నాడు. ఆ ఊరి మున్సిపాలిటీకి పోతే ఆసుపత్రి నుంచి రాలేదన్నారు. 21 రోజుల్లో నమోదు కావాలంట, అది దాటిపోయింది. తర్వాత ఆలస్య రుసుము కట్టించుకుని ఇచ్చారు. ఈ తిరుగుడంతా బాపు ఒక్కడే తిరిగాడు. పత్తి ఏరే రోజులు, ఇంట్లో అవ్వ పడుకునే ఉంటుంది, నేను స్కూల్లో లీవు దొరకక.

రికార్డుల గురించి చెప్పినందుకు వకీలు సార్‌కు దండాలు. సంతకం గురించి మీరు రాసింది బాపుకు చదివి వినిపించాను. ఏం అనలేదు. కాసేపటికి పోయి స్నానం చేసి వచ్చాడు. నాలుగు రోజులుగా చేయలేదు.

ఊరి గ్రంథాలయం

ఒక చిన్న సంగతి, ఉపయోగపడుతుందేమో. తమ్ముడి బ్యాంకు పాస్‌బుక్ తీసి చూడండి. ఏటా 436 రూపాయలు కట్ అయి ఉంటే ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ఉన్నట్టు, దానికి 2 లక్షలు వస్తాయి. 20 రూపాయలే కట్ అయితే అది సురక్ష బీమా, ప్రమాదానికి మాత్రమే. ఖాతా తెరిచేటప్పుడు ఫారం మీద టిక్ పెట్టించుకుని ఉంటారు, ఇంట్లో చెప్పరు. చదువు లోన్ ఉంటే దాని మీద బీమా తీసుకున్నారేమో కూడా బ్యాంకులో అడగండి.

మా ఊర్లో ఒక రైతు పోతే రైతుబీమా కోసం వ్యవసాయ శాఖ ఏఈవో ఇంటికొచ్చి నామినీ ఆధార్, కాగితాలు తనే తీసుకుపోయాడు. ఐదు లక్షలు వచ్చాయి. డబ్బు సంగతి అట్లా ఉంచండి, ఆ ఇంట్లో మంచం మీద కూర్చుని "ఎట్లా జరిగిందమ్మా" అని అడిగాడు. ఆ ముసలామె ఇప్పటికీ ఆ పిల్లగాడి పేరు చెప్తుంది. ఇరవై ఏళ్లు మన పిల్లలను చదివించి ఒక క్యాంపస్‌కు అప్పగిస్తే, వాళ్లకు ఆ మాత్రం చేతకాకపోవడం ఏమిటి?

ములుగు మాస్టారు

నేను పదేళ్లు వార్డెన్‌గా చేశాను. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను.

మా హాస్టల్‌లో ఒక అబ్బాయి పోయాడు. ఏజెన్సీ ఊరు, తాడ్వాయి దాటి లోపలికి పోవాలి. శవాన్ని పంపే ముందు పై నుంచి నాకు ఫోన్, "నువ్వు పోవద్దు, కొడతారు" అని. నిజమే, కొట్టవచ్చు. కానీ ఆ పిల్లవాడిని చేర్చుకున్న రోజు ఫారం మీద స్థానిక సంరక్షకుడు అన్న చోట సంతకం నాదే. ఎవరూ లేరని నేనే పెట్టాను. అంబులెన్స్‌లో ముందు సీటులో కూర్చుని పోయాను.

ఊరు చేరేసరికి చీకటి పడింది. తల్లి వచ్చి నా కాలర్ పట్టుకుంది. "నీకు అప్పగిస్తిని కదా" అంది. చొక్కా గుండీలు ఊడిపోయాయి. నేను ఏం చెప్పలేదు, చెప్పడానికి ఏమీ లేదు. పక్కనే నేల మీద కూర్చున్నాను. గంటో, గంటన్నరో అయింది. అదే తల్లి లోపలికి పోయి చెంబుతో నీళ్లు తెచ్చి నా ముందు పెట్టింది. అప్పుడు అడిగింది, పొద్దున ఏం తిన్నాడు సారూ అని. నాకు తెలుసు కాబట్టి చెప్పాను. ఉప్మా, సగం తిని వదిలేశాడు. ఆమె ఆ మాటను పక్కనున్న ఆడవాళ్లందరికీ ఒక్కొక్కరికి చెప్పింది. ఉప్మా తిన్నాడట, సగం తిన్నాడట.

తర్వాత నాకు మెమో వచ్చింది, అనుమతి లేకుండా వెళ్లినందుకు. దాచిపెట్టుకున్నాను.

అమ్మాయీ, నువ్వు రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరగడంతో పాటు కింది మనుషులను పట్టుకో. మెస్‌లో వడ్డించే ఆయన, నైట్ వాచ్‌మన్, హెల్త్ సెంటర్ సిస్టర్, అటెండర్. వాళ్లకు మీ తమ్ముడు పేరుతో సహా గుర్తుంటాడు. వాళ్లు మీ ఇంటికి రాలేదంటే రావాలని లేక కాదు, ఎవరైనా ఏమంటారోనని భయం. మీరు అడిగితే చెప్తారు.

గది 7

అక్కా, నేను ఎవరో నీకు అర్థమవుతుంది. పేరు రాయడం లేదు. పదకొండో రోజు మేము 40 మందిమి డీసీఎం వ్యాన్ మాట్లాడుకుని మీ ఊరికి వచ్చాం. నువ్వు అందరికీ అన్నం పెట్టావు, మాతో ఎవరూ ఏం అడగలేదు. నేను చెప్పాలనుకున్నాను, అమ్మ ముఖం చూసి నోరు రాలేదు. తప్పయింది.

హెల్త్ సెంటర్‌కు రెండో రోజు నేనే తీసుకుపోయాను. మూడో రోజు వాడికి మిడ్ పరీక్ష ఉంది, జ్వరంతోనే రాశాడు. రాసి వచ్చి పడుకున్నాడు. ఆ సాయంత్రం "ఇంటికి పోదాం రా, నేను దింపుతా" అంటే వద్దన్నాడు. నేను అప్పుడే నీకు ఫోన్ చేయాల్సింది. రోజూ అదే అనిపిస్తుంది.

సార్లు మమ్మల్ని ఆఫీసుకు పిలిచి, బయట ఎవరితో మాట్లాడినా ప్లేస్‌మెంట్లకు ఇబ్బంది అవుతుందన్నారు. అందుకే ఫోన్ చేయలేదు. ఇప్పుడు చేస్తాను. ఏం అడిగినా చెప్తాను.

పరకాల పిల్ల

తమ్మీ, నీది తప్పు లేదు. నువ్వే లేకపోతే వాడు గదిలోనే పోయేవాడు. ఫోన్ చేయి. రాత్రి ఎంతైనా ఫర్వాలేదు.

నల్లబంగారం, భూపాలపల్లి

గది 7 బాబూ, నువ్వు కూడా తిండి సరిగా తిను, ఒంటరిగా ఉండకు. పక్కన మనిషి పోతే పక్కనున్నోడికి ఏమవుతుందో నాకు తెలుసు. నేను నెల రోజులు గనిలోకి దిగలేకపోయాను. 14416 అని టెలీ మానస్ నంబర్ ఉంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు, ఏ టైంకైనా చేయవచ్చు. మా మనవరాలు చెప్పింది. పరకాల బిడ్డా, మీ అవ్వ నిద్రపోవడం లేదంటే ఆమెతో కూడా చేయించు.

జమ్మికుంట వకీలు

ఒక విషయం చేరుస్తాను. 2023లో యూజీసీ విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కారానికి కొత్త నిబంధనలు తెచ్చింది. ప్రతి యూనివర్సిటీలో కమిటీ ఉండాలి, 15 పని దినాల్లో తేల్చాలి, దాని మీద అప్పీలు వినడానికి పైన అంబుడ్స్‌పర్సన్. మంచిదే. కానీ అందులో ఫిర్యాదు చేసే మనిషి విద్యార్థి. చనిపోయిన విద్యార్థి ఫిర్యాదు చేయలేడు కదా. ఇంటివాళ్ల మాట ఎవరు వినాలన్నది చట్టం కంటే ముందు మనుషులు ఆలోచించాల్సిన సంగతి. అయినా దరఖాస్తు ఆ కమిటీకి కూడా నకలు పంపండి. తిప్పి పంపితే ఆ జవాబైనా రాతపూర్వకంగా మీ చేతిలో ఉంటుంది.

హన్మకొండ అమ్మ

బిడ్డా, నేను ఒక ఉత్తరం రాసి పెట్టాను. నాకు అప్పుడు రాయడం రాలేదు, నాలుగేళ్లుగా మనసులో రాసుకుంటూనే ఉన్నాను. నచ్చితే వాడుకో.

"గౌరవనీయులైన వైస్ ఛాన్సలర్ గారికి. మా అబ్బాయి మీ దగ్గర చదువుతూ చనిపోయాడు. మేము ఎవరి మీదా కేసు పెట్టడానికి రావడం లేదు, అవసరమైతే పెట్టే హక్కు మాకుందని మాకు తెలుసు. వాడు ఉన్న గది, కూర్చున్న బెంచీ మాకు చూపించండి. ఆ నాలుగు రోజులు వాడిని చూసిన మనుషులతో మమ్మల్ని మాట్లాడనివ్వండి. వాళ్లకు ఏ ఇబ్బందీ రాదని మీరు ముందుగా చెప్పండి. వాడి పేరు మీ రిజిస్టర్లలో ఎక్కడెక్కడ ఉందో అన్నిచోట్లా ఒకేసారి సరిచేయండి, ఇక మా ఫోన్‌కు మెసేజ్‌లు రాకూడదు. వాడి సర్టిఫికెట్లు మేము కిటికీల దగ్గర నిలబడకుండా ఇప్పించండి. తల్లి, తండ్రి, అక్క వస్తాము. తేదీ చెప్పండి."

పాత సెక్షన్ ఆఫీసర్

ఇంతకంటే బాగా నేను డ్రాఫ్టు రాయలేను. "తేదీ చెప్పండి" దగ్గర ఆపినందుకు మంచిది. ప్రార్థిస్తున్నాము, వేడుకుంటున్నాము అని కింద కలపకండి. రిజిస్టర్ పోస్టులో పంపండి, రసీదు ఉంచుకోండి.

పరకాల పిల్ల

మూడు వారాలు రాయలేదు, క్షమించండి. ఉత్తరం పంపాను. తొమ్మిదో రోజు ఫోన్ వచ్చింది. నిన్న బాపు, అవ్వ, నేను పోయి వచ్చాం.

వీసీ లేరు. రిజిస్ట్రార్ ఐదు నిమిషాలు మాట్లాడి, ఇట్లాంటివి బాధాకరం అన్నారు. మెస్ డబ్బు వాపసు ఇస్తామన్నారు, ఎప్పుడో చెప్పలేదు. మెమోలు మాత్రం ఒక అటెండర్ కవర్లో పెట్టి అక్కడికే తెచ్చి బాపు చేతికిచ్చాడు. ఎవరూ క్షమించమని అనలేదు. హెచ్ఓడీ మేడం మా వెంట వచ్చారు. ల్యాబ్‌లో తమ్ముడు కూర్చునే చోటు చూపించారు, రికార్డు బుక్ ఇచ్చారు. సగం వరకు రాసి ఉంది. ఆమె మధ్యలో కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ముందే రావాల్సింది, భయపడ్డాను అన్నారు. ఆ మాట నాకు చాలనిపించింది.

గదిలో ఇప్పుడు ఇంకో అబ్బాయి ఉన్నాడు. మేము వస్తున్నామని తెలిసి మంచం మీద తన సామాను తీసేసి ఖాళీగా పెట్టాడు. బాపు పోయి ఆ మంచం మీద కూర్చున్నాడు. చాలాసేపు కూర్చున్నాడు. ఆ అబ్బాయి ఎక్కడ నిలబడాలో తెలియక తలుపు దగ్గరే నిలబడ్డాడు.

ములుగు మాస్టారు చెప్పినట్టు హెల్త్ సెంటర్ సిస్టర్‌ను కలిశాం. ఆమెకు అంతా గుర్తుంది. సాయంత్రం నాలుగింటికి వచ్చాడట. బీపీ చూసి, గోలీలు ఇచ్చి, పొద్దున రక్త పరీక్షకు రమ్మందట. పరీక్ష ఉంది సిస్టర్, అయిపోయాక వస్తానన్నాడట. ఇంటికి ఫోన్ చేయనా అని అడిగితే, "వద్దు, అవ్వ వాళ్లు పత్తి ఏరుతున్నరు, కూలోళ్లు దొరుకుతలేరు, చెప్తే పని వదిలేసి వస్తరు" అన్నాడట.

అవ్వ ఆ మాట రెండుసార్లు చెప్పించుకుంది. తర్వాత సిస్టర్ చేతులు పట్టుకుని, "నువ్వన్నా అడిగినవ్ బిడ్డా" అంది. ఆమె కూడా ఏడ్చింది.

వచ్చేటప్పుడు పరకాల బస్సులో అవ్వ నా భుజం మీద పడుకుంది. దిగేదాకా లేవలేదు.

ఈసారి పత్తి సగం చేనులోనే ఉంది. బాపు ఇవాళ పొద్దున చేనుకు పోయాడు.

సమాచార హక్కు దరఖాస్తుకు ఇంకా జవాబు రాలేదు వకీలు సార్. 30 రోజులు ఈ నెల 19కి అయిపోతాయి. రాకపోతే అప్పీలు ఎట్లా రాయాలో ఆ రోజు మళ్లీ ఇక్కడే అడుగుతాను.